సేజ్ మొత్తాన్ని ఒకే డెబ్ ఫైల్‌లో కుక్కి డెబియన్‌కి ఇవ్వొచ్చా?

మీ ప్రశ్న పొడవుగా ఉంది, తర్వాత చదివేవాళ్ళ కోసం ముందు కుదించి చెప్తాను. మీ ల్యాప్‌టాప్‌లో డెబియన్ అనే లినక్స్ ఉంది. అందులో సేజ్‌మ్యాథ్‌ని (ఉచిత గణిత సాఫ్ట్‌వేర్, పొట్టిగా సేజ్) సోర్స్ నుంచి రాత్రంతా కంపైల్ చేసి, తయారైన ఫోల్డర్‌ని ఆప్ట్ డైరెక్టరీ కింద పడేలా ఒకే డెబ్ ఫైల్‌గా (డెబియన్ ఇన్‌స్టాల్ చేసుకునే ప్యాకేజ్) చుట్టి, కాలేజీ మ్యాథ్స్ ల్యాబ్ మెషీన్లలో వేశారు. పాత మెషీన్లలో మాత్రం తెరవగానే 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్' అని ఆగిపోతోంది. డాక్‌టెస్టులు (డాక్యుమెంటేషన్‌లోని ఉదాహరణల్ని నడిపి జవాబు సరిచూసేవి) కొన్ని ఫెయిలవుతున్నాయి, వాటిని వదిలెయ్యొచ్చా అన్నారు. ఈ డెబ్ ఫైల్‌నే డెబియన్‌కి ఇచ్చేస్తే అందరికీ పనికొస్తుంది కదా అని కూడా అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. ల్యాబ్ సమస్య తీరేదే. డెబ్ ఫైల్ మాత్రం డెబియన్‌లోకి వెళ్ళదు, ఎంత శుభ్రం చేసినా వెళ్ళదు. ఇక ఫెయిలైన టెస్టుల్ని చూడకుండా వదిలెయ్యడం మాత్రం చెయ్యకండి, ఎందుకంటే కంప్యూటర్ ఆల్జీబ్రా ప్యాకేజింగ్‌లో అసలు పనంతా అక్కడే ఉంటుంది. కంపైల్ చెయ్యడం ఎవరైనా చేస్తారు.

ముందు ఆ ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ సంగతి. మీ ల్యాప్‌టాప్ కొత్తది, దాని ప్రాసెసర్‌కి ఏవీఎక్స్2 లాంటి కొత్త ఇన్‌స్ట్రక్షన్లు తెలుసు. పెద్ద సంఖ్యలతో, మ్యాట్రిక్సులతో పనిచేసే లైబ్రరీలు వేగం కోసం కంపైల్ అవుతున్నప్పుడే 'నేను ఏ మెషీన్ మీద ఉన్నాను' అని చూసుకుని దానికి తగ్గట్టు కోడ్ తయారుచేసుకుంటాయి. ఆ కోడ్‌ని తీసుకెళ్ళి బాగా పాత ల్యాబ్ పీసీలో నడిపితే ఆ ఇన్‌స్ట్రక్షన్ అర్థంకాక ప్రాసెసర్ చేతులెత్తేస్తుంది. దీనికి సేజ్‌లోనే మందు ఉంది: కంపైల్ మొదలుపెట్టే ముందు సేజ్ ఫ్యాట్ బైనరీ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి (దాని పేరు పదాల మధ్య అండర్‌స్కోర్‌లతో, అన్నీ పెద్దక్షరాల్లో) 'yes' అని పెట్టాలి. అప్పుడు వీలైనన్ని రకాల ప్రాసెసర్ల మీద నడిచేలా తయారవుతుంది. కాకపోతే పాత బిల్డ్ మీదే మళ్ళీ మేక్ కొట్టడం కాదు, మొదటి నుంచీ చెయ్యాలి.

డెబియన్‌లో ప్యాకేజ్ చేసేవాళ్ళకి ఈ తలనొప్పి ప్రతి లైబ్రరీ దగ్గరా విడివిడిగా ఉంటుంది. డెబియన్ 64 బిట్ ఇంటెల్, ఏఎండీ మెషీన్లకి కనీస స్థాయి చాలా కిందే పెట్టుకుంది, ఎస్ఎస్ఈ2 అనే పాత ఇన్‌స్ట్రక్షన్ల సెట్ దాటి ఏదీ ఉందనుకోకూడదు. పెద్ద సంఖ్యల లైబ్రరీ జీఎంపీకి ఫ్యాట్ బిల్డ్ ఉంది, నడిచే సమయంలో ప్రాసెసర్‌ని చూసి తగిన కోడ్‌ని ఎంచుకుంటుంది, అది మంచి పద్ధతి. మ్యాట్రిక్సుల లైబ్రరీ ఓపెన్‌బ్లాస్‌కి కూడా డైనమిక్ ఆర్క్ అని అలాంటిదే ఉంది. లిన్‌బాక్స్, గివారో, ఎఫ్ఫ్లాస్ అనే లీనియర్ ఆల్జీబ్రా లైబ్రరీల కుటుంబానికి 'వితౌట్ ఆర్క్‌నేటివ్' అని కాన్ఫిగర్‌కి (కంపైల్‌కి ముందు నడిచే సెట్టింగుల స్క్రిప్ట్) చెప్పాలి. ఎం4ఆర్ఐ (0, 1ల మ్యాట్రిక్సుల లైబ్రరీ) ఇంకో వింత, అది బిల్డ్ చేస్తున్న మెషీన్ క్యాష్ సైజులు కొలిచి వాటిని బైనరీలో రాసేసుకుంటుంది. ఒకే సోర్స్‌ని రెండు మెషీన్ల మీద బిల్డ్ చేస్తే రెండు వేర్వేరు ఫైళ్ళు వస్తాయి, ఒకే సోర్స్ నుంచి ఎప్పుడూ ఒకే ఫైల్ రావాలని చూసే రీప్రొడ్యూసిబుల్ బిల్డ్ వాళ్ళు పట్టుకుంటారు. అందుకే క్యాష్ సైజుని మనమే కాన్ఫిగర్‌కి అంకెల్లో ఇచ్చెయ్యాలి.

ఇప్పుడు డెబ్ ఫైల్ ఎందుకు వెళ్ళదో చెప్తాను. సేజ్ ఒక ప్రోగ్రామ్ కాదు. విలియం స్టైన్ 2005లో మొదలుపెట్టినప్పుడే, అప్పటికే ఉన్న మంచి గణిత సాఫ్ట్‌వేర్లన్నిటినీ పైథాన్‌తో కలిపి కుట్టాలన్నది ఆలోచన. సంఖ్యా సిద్ధాంతానికి పారి, గ్రూపులకి గ్యాప్, పాలినామియల్ ఐడియల్స్‌కి సింగులర్, ఇంటిగ్రేషన్లకీ లిమిట్లకీ మాక్సిమా, వీటి కింద ఫ్లింట్, ఎన్‌టీఎల్, జీఎంపీ, ఎంపీఎఫ్ఆర్, పక్కన నంపై, సింపై, జూపిటర్. అన్నీ కలిపితే వంద దాటుతాయి. సేజ్ సొంత బిల్డ్ పద్ధతి వీటిలో సిస్టమ్‌లో దొరకని ప్రతిదాన్నీ ఇంటర్నెట్ నుంచి దింపుకుని తానే కంపైల్ చేసుకుంటుంది.

డెబియన్‌లో ఇందులో రెండు విషయాలు కుదరవు. బిల్డ్ మెషీన్లకి నెట్ ఉండదు, సోర్స్ ప్యాకేజ్‌లో ఉన్నదానితోనూ ఆర్కైవ్‌లో (డెబియన్ ప్యాకేజీలన్నీ ఉండే చోటు) ఉన్న వేరే ప్యాకేజీలతోనూ బిల్డ్ అయితేనే లెక్క. రెండోది, ఒకే లైబ్రరీ కాపీలు పది ప్యాకేజీల్లో దాక్కుని ఉండటాన్ని డెబియన్ పాలసీ ఒప్పుకోదు. రేపు ఏదో లైబ్రరీలో సెక్యూరిటీ లోపం బయటపడితే ఒక్కచోట సరిచేస్తే అందరికీ చేరాలి, మీ ఆప్ట్ ఫోల్డర్‌లో ఇంకో పాత కాపీ ఉందని ఎవరికి తెలుస్తుంది? కాబట్టి డెబియన్‌లో సేజ్ అంటే, ఆ వందకు పైగా ముక్కలూ ఒక్కొక్కటి విడి ప్యాకేజ్‌గా లోపలికి వెళ్ళాక, చివర్న మిగిలిన సేజ్ లైబ్రరీ.

ఇది ఎంత కష్టమో చరిత్రే చెప్తుంది. మొదట డెబియన్‌లోకి వెళ్ళిన సేజ్ 3.0.5 పాతబడిపోయి తీసెయ్యాల్సి వచ్చింది. మళ్ళీ ఒక స్టేబుల్ రిలీజ్‌లో కనిపించింది 2017లో, స్ట్రెచ్‌తో (డెబియన్ 9), 7.4 వెర్షన్‌గా. మధ్యలో ఎవరూ పట్టించుకోక కాదు, కింద ముక్కలు ఒక్కొక్కటీ సర్దుకోవడానికి అంత కాలం పట్టింది. సర్దుకున్నాక కూడా కుదురుగా ఉండవు, ఎవరి రిలీజ్ టైమ్‌టేబుల్ వాళ్ళది. 2023లో ఫ్లింట్ 3.0 వచ్చినప్పుడు ఆర్బ్ అనే విడి లైబ్రరీని తనలో కలిపేసుకుంది. గణితం చేసేవాళ్ళకి అది సౌకర్యమే, ప్యాకేజర్లకి మాత్రం ఆర్బ్‌ని లింక్ చేసిన ప్రతి ప్యాకేజ్‌నీ సవరించి మళ్ళీ బిల్డ్ చెయ్యాల్సిన పని. దీన్నే ట్రాన్సిషన్ అంటారు. కొత్త పైథాన్ వచ్చినప్పుడల్లా ఇంకోటి.

అందుకని నా సలహా, సేజ్ మీద మొదలుపెట్టకండి. ఆ చెట్టులో ఒక ఆకు పట్టుకోండి. వీలైతే పారితో నేర్చుకోండి. అది ఇప్పటికే డెబియన్‌లో ఉంది కదా అంటారేమో, ఉంది, అందుకే చెప్తున్నాను. అప్‌స్ట్రీమ్ (అసలు రాసినవాళ్ళ) నుంచి కొత్త వెర్షన్ తెచ్చి, ఉన్న ప్యాకేజ్‌ని దానికి మార్చి బిల్డ్ చేసి చూడండి. శూన్యం నుంచి కొత్త ప్యాకేజ్ రాసేవాడికంటే ఇలా చేసేవాడే తొందరగా నేర్చుకుంటాడు, పైగా టీమ్‌కి కావలసిందీ ఇలాంటి చేతులే.

పారి సీలో రాసింది, ముఖ్యంగా కావలసింది జీఎంపీ, రీడ్‌లైన్. మొదటి అడ్డంకి నవ్వొచ్చేలా ఉంటుంది. డెబ్‌హెల్పర్ (డెబియన్ ప్యాకేజ్ కట్టే మామూలు అడుగులు తానే చేసే టూల్) చిన్నక్షరాల 'కాన్ఫిగర్' ఫైల్ కోసం వెతుకుతుంది, పారిలో ఉన్నది పెద్దక్షరంతో మొదలయ్యే 'కాన్ఫిగర్', అది ఆటోకాన్ఫ్ తయారుచేసింది కూడా కాదు, వాళ్ళు చేత్తో రాసుకున్నది. కాబట్టి ప్యాకేజ్ ఎలా బిల్డ్ అవ్వాలో చెప్పే రూల్స్ ఫైల్‌లో ఆ అడుగుని ఓవర్‌రైడ్ చేసి మీరే పిలవాలి. దాని టెస్ట్ ఫోల్డర్ తెరిచి చూస్తే ఇంకో పాఠం దొరుకుతుంది: ఆశించిన జవాబులు 32 అని ఒక ఫోల్డర్‌లో, 64 అని ఒక ఫోల్డర్‌లో విడిగా ఉంటాయి. ఒకే ప్రశ్నకి మెషీన్ వర్డ్ సైజుని బట్టి వేరే రూపంలో సరైన జవాబు రావొచ్చని వాళ్ళకి ఎప్పటినుంచో తెలుసు.

పారిలోనే డేటా ప్యాకేజీలని ఉంటాయి, పోల్‌గాల్వా ఫంక్షన్ చూడండి. ఏడో డిగ్రీ వరకూ పాలినామియల్‌కి గాల్వా గ్రూప్ అడిగితే మామూలుగా చెప్తుంది. 8 నుంచి 11 డిగ్రీల వరకూ చెప్పాలంటే గాల్‌డేటా అనే విడి ప్యాకేజ్ కావాలి. మీ ల్యాప్‌టాప్‌లో అది ఎప్పుడో వేసి ఉంటారు, మీకు అన్నీ పనిచేస్తాయి. ఇన్‌స్టాల్ చేసుకున్నవాడికి పనిచెయ్యదు. బిల్డ్ అవుతున్నప్పుడు నడిచే టెస్టులు ఇలాంటి తప్పుని పట్టుకోలేవు, ఆటోప్యాకేజ్‌టెస్ట్ పట్టుకుంటుంది, ఎందుకంటే అది శుభ్రమైన మెషీన్‌లో ప్యాకేజ్‌ని ఇన్‌స్టాల్ చేశాకే టెస్ట్ నడుపుతుంది. కాబట్టి ఎనిమిదో డిగ్రీ పాలినామియల్ ఒకటి ఆ టెస్టులో పెట్టెయ్యండి. డేటా ప్యాకేజ్‌ని తప్పనిసరి డిపెండెన్సీ చెయ్యాలా, రికమెండ్స్‌లో (మామూలుగా వస్తుంది, వద్దనుకుంటే వదిలెయ్యొచ్చు) పెట్టాలా అన్నది మీ నిర్ణయం. నేనైతే రికమెండ్స్ అంటాను, చిన్న సర్వర్ల మీద ఉత్త లైబ్రరీ కోసం పారి వేసుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు.

పారి తర్వాత మాక్సిమా దగ్గరికి రండి, అది పూర్తిగా వేరే లోకం. మాక్సిమా (Maxima) మూలం 1960ల చివర్లో ఎంఐటీలో మొదలైన మాక్‌సిమా (Macsyma) అనే ప్రాజెక్ట్, పేర్లు కలిపేసుకోకండి. విలియం షెల్టర్ అనే ఆయన 1982 నుంచి ఆ మాక్‌సిమా ఒక రూపాన్ని చూసుకుంటూ, 1998లో అమెరికా ఇంధన శాఖ నుంచి జీపీఎల్ కింద విడుదల చెయ్యడానికి అనుమతి తెచ్చుకున్నారు. ఆ ఒక్క అనుమతి లేకపోతే ఇవాళ మన ల్యాబుల్లో ఇది ఉండేది కాదు. అదంతా కామన్ లిస్ప్. లిస్ప్ ప్రోగ్రామ్‌ని ప్యాకేజ్ చేస్తే సీ అలవాట్లు అక్కడక్కడా ఎదురు తంతాయి.

ఉదాహరణకి డెబ్‌హెల్పర్‌లోని డీహెచ్ స్ట్రిప్. బైనరీ నుంచి డీబగ్ సమాచారం తీసేసి చిన్నది చేసే మామూలు అడుగు, దాన్ని ఎవరూ గమనించరు కూడా. ఎస్‌బీసీఎల్ అనే లిస్ప్ కంపైలర్‌తో మాక్సిమాని ఎగ్జిక్యూటబుల్‌గా తయారుచేస్తే, అసలు ప్రోగ్రామ్ మెమరీ ఇమేజ్ రూపంలో ఆ ఫైల్ చివర అతికి ఉంటుంది. స్ట్రిప్‌కి అది అనవసరమైన చెత్తలా కనిపిస్తుంది, కోసేస్తుంది. బిల్డ్ పాసవుతుంది, ప్యాకేజ్‌లో తప్పులు వెతికే లింటియన్ ఏమీ అనదు, ఇన్‌స్టాల్ చేసి నడిపితే గణితం మాయం, ఉత్త లిస్ప్ మిగులుతుంది. కాబట్టి ఆ ఫైల్‌ని స్ట్రిప్ నుంచి మినహాయించాలి. ఎగ్జిక్యూటబుల్ కాకుండా విడి కోర్ ఫైల్‌గా పెడితే ఇంకో చిక్కు. ఏ ఎస్‌బీసీఎల్ బిల్డ్‌తో ఆ కోర్ తయారైందో సరిగ్గా ఆ బిల్డ్‌తోనే అది తెరుచుకుంటుంది. ఆర్కైవ్‌లో ఎస్‌బీసీఎల్ ఒక్క మెట్టు పైకి కదిలితే మీ ప్యాకేజ్ తెరుచుకోదు. డిపెండెన్సీని అదే వెర్షన్‌కి కట్టెయ్యాలి, లేదా ఎగ్జిక్యూటబుల్ దారే పట్టాలి. సేజ్ కోసమైతే మాక్సిమా ఈసీఎల్ అనే ఇంకో లిస్ప్‌తో బిల్డ్ అవ్వాలి, సేజ్ దాన్ని లైబ్రరీలా లోపలికి లోడ్ చేసుకుంటుంది.

ఇంకోటి, మాక్సిమాలో ప్రశ్న గుర్తు పెట్టి ఫంక్షన్ పేరు కొడితే సహాయం వస్తుంది కదా. ఆ వివరణ ఇన్ఫో ఫైల్‌లో ఎక్కడ మొదలవుతుందో, ఎంత పొడవుందో ముందే ఒక సూచికలో రాసి పెట్టుకుంటుంది. డెబ్‌హెల్పర్ అలవాటు కొద్దీ ఇన్ఫో ఫైళ్ళని జిప్ చేస్తే ఆ సూచిక చూపే చోట ఉండేది వివరణ కాదు. ఇలాంటివి మాన్యువల్‌లో ఉండవు, ప్యాకేజ్‌ని వేసుకుని ఒక విద్యార్థిలా కూర్చుని వాడితేనే కనిపిస్తాయి.

ఇక ఫెయిలైన డాక్‌టెస్టుల సంగతికి వద్దాం. మీరు పంపిన పట్టీలో ఏవేవి ఉన్నాయో చూశాను, చాలావరకు ముద్రణ తేడాలే. నంపై 2 వచ్చాక ఒక సంఖ్యని చూపించే తీరు మారింది, ఇదివరకు ఉత్త దశాంశం కనిపించేచోట ఇప్పుడు దాని టైప్ పేరు కూడా ముందు కనిపిస్తుంది, డాక్‌టెస్ట్ అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది కాబట్టి ఫెయిల్. సెట్‌లో మూలకాల వరస మారినా ఫెయిలే. వీటిని ప్యాచ్ చేసి వదిలెయ్యొచ్చు.

రెండో రకం గణితపరంగా సరైనవే, రూపం వేరు. సైన్ ఎక్స్, కాస్ ఎక్స్ లబ్ధాన్ని ఇంటిగ్రేట్ చేస్తే సైన్ వర్గంలో సగం రావొచ్చు, మైనస్ కాస్ వర్గంలో సగం రావొచ్చు. రెంటి మధ్య తేడా ఒక స్థిరాంకమే, ఇంటర్ కుర్రాడికి కూడా తెలుసు. టెస్ట్‌కి తెలియదు. కొత్త జవాబుని గుడ్డిగా 'ఆశించిన జవాబు' గడిలో అతికించకండి, ఆ టెస్ట్‌ని డిఫరెన్షియేట్ చేసి సరిచూసేలా మార్చి రాయండి, వచ్చే ఏడాది మళ్ళీ విరగదు. ఎలిప్టిక్ కర్వుల్లో ఇలాంటివి కోకొల్లలు. వై వర్గం ప్లస్ వై ఈక్వల్ టు ఎక్స్ ఘనం మైనస్ ఎక్స్ అనే కర్వ్ తీసుకోండి, ర్యాంక్ 1. జనరేటర్‌గా (మిగతా బిందువుల్ని పుట్టించే బిందువు) ఒక వెర్షన్ (0, 0) ఇస్తే ఇంకో వెర్షన్ (0, −1) ఇవ్వొచ్చు. ఒకటి రెండోదానికి రుణాత్మకం, రెండూ సరైనవే. ఇది తెలియాలంటే ఆ గణితం కొంచెం తెలిసుండాలి. మామూలు ప్యాకేజర్లు ఈ టీమ్‌లోకి రావడానికి జంకేది ఇక్కడే, ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివిన మీలాంటివాళ్ళు అవసరమయ్యేదీ ఇక్కడే.

మూడోది ఫ్లోటింగ్ పాయింట్ చివరి అంకెలు. పాత 32 బిట్ ఇంటెల్ మీద ఎక్స్87 యూనిట్ లోపల 80 బిట్లతో లెక్కేసి బయటికి తెచ్చేటప్పుడు కుదిస్తుంది, కాబట్టి పదిహేనో పదహారో అంకె దగ్గర తేడా వస్తుంది. టాలరెన్స్ పెట్టండి, అయిపోతుంది.

వీటన్నిటి మధ్యలో నాలుగో రకం దాక్కుని ఉంటుంది: నిజంగా తప్పు జవాబు. కొత్త జీసీసీ కంపైలర్ ఒక చోట ఆప్టిమైజేషన్ అతిగా చేసిందనుకోండి, లేదా పాత కోడ్‌లో ఎప్పటినుంచో ఉన్న లొసుగు ఇప్పుడు బయటపడిందనుకోండి. వెబ్ బ్రౌజర్ అయితే క్రాష్ అవుతుంది, జనం బగ్ రిపోర్ట్ పెడతారు. ఇక్కడ ఏ శబ్దమూ లేకుండా తప్పు డిటర్మినెంట్ వస్తుంది, ఎవరో దాన్ని థీసిస్‌లో వేసుకుంటారు. జీఎంపీ వాళ్ళు మేక్ చెక్ (టెస్టులు నడిపే కమాండ్) నడపమని అంత గట్టిగా చెప్పేది ఊరికే కాదు, కంపైలర్ తప్పులు జీఎంపీ దగ్గర బయటపడిన సందర్భాలు చాలా ఉన్నాయి. కాబట్టి రూల్స్ ఫైల్‌లో టెస్ట్ కమాండ్ వెనక 'ఫెయిలైనా పర్వాలేదు' అని అర్థం వచ్చే ఆ చిన్న తోక తగిలించే అలవాటు ఉంటే మానెయ్యండి. ఏ టెస్ట్ ఏ ఆర్కిటెక్చర్ మీద ఎందుకు ఫెయిలవుతుందో పేరు పేరునా రాసి వాటినే దాటెయ్యండి. ఎస్390ఎక్స్ (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్) మీద మాత్రమే ఫెయిలైతే ముందు బైట్ ఆర్డర్‌ని అనుమానించండి, డెబియన్ అధికారిక ఆర్కిటెక్చర్లలో బిగ్ ఎండియన్‌ది, అంటే సంఖ్యలో పెద్ద బైట్‌ని ముందు పెట్టేది, అదే.

లైసెన్సుల గురించి రెండు మాటలు, విసుగు పని కానీ తప్పదు. గణిత సాఫ్ట్‌వేర్ ప్రొఫెసర్లు రాసింది, లైసెన్స్ కూడా చాలాసార్లు వాళ్ళే సొంత మాటల్లో రాసేస్తారు. గ్రాఫ్‌ల ఐసోమార్ఫిజం చూసే నౌటీ 2.6 వెర్షన్‌కి ముందు, లాభానికి అమ్మకూడదు, సైనిక అవసరాలకి వాడకూడదు అనే షరతుతో ఉండేది. ఉద్దేశం మంచిదే కావొచ్చు, కానీ ఏ రంగంలో వాడాలో ఆంక్ష పెడితే డెబియన్ నిర్వచనంలో అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు. 2016లో అపాచీ 2.0కి మారాకే చిక్కు వీడింది. గ్యాప్ టార్‌బాల్‌లో (సోర్స్ మొత్తం కట్టిన ఫైల్) వంద దాటిన చిన్న ప్యాకేజీలు, ఒక్కోదానికి ఒక్కో లైసెన్స్. సోర్స్ లేని పీడీఎఫ్ మాన్యువల్, కుదించిన జావాస్క్రిప్ట్ ఎక్కడైనా దొర్లితే కాపీరైట్ ఫైల్‌లో 'ఫైల్స్ ఎక్స్‌క్లూడెడ్' అని రాసి, టార్‌బాల్‌ని తిరిగి కట్టాలి. కొత్త ప్యాకేజ్ న్యూ క్యూలో (కొత్తవాటిని పరిశీలించే వరస) తిరస్కారానికి గురయ్యేది చాలాసార్లు ఈ ఫైల్ వల్లే, కోడ్ వల్ల కాదు.

దారి ఎలాగంటే, డెబియన్ వాళ్ళ కోడ్ ఉండే సైట్ సల్సాలో అకౌంట్ తెరవండి, డెబియన్ మ్యాథ్ టీమ్ లేదా సైన్స్ టీమ్ మెయిలింగ్ లిస్టులో ఒక మెయిల్ పెట్టండి, 'ఫలానా ప్యాకేజ్ కొత్త వెర్షన్ మీద పనిచేస్తున్నాను' అని. కొత్త ప్యాకేజ్ అయితే ముందు ఐటీపీ బగ్ ('దీన్ని నేను ప్యాకేజ్ చేస్తాను' అనే నోటీసు) వెయ్యండి, ఇద్దరు ఒకే పని చెయ్యకుండా. మీకు అప్‌లోడ్ హక్కు ఉండదు కాబట్టి హక్కున్న డెవలపర్ ఒకరు స్పాన్సర్‌గా చూసి అప్‌లోడ్ చేస్తారు. మెయిల్ రాయడానికి మొహమాటపడకండి, ఇంగ్లీష్ సరిగ్గా లేదని అక్కడ ఎవరూ నవ్వరు. 2023లో డెబియన్ వాళ్ళ సమావేశం డెబ్‌కాన్ఫ్ కొచ్చిలోనే జరిగింది, మనవాళ్ళు కొత్తేమీ కాదు. పైగా డెబియన్‌లోకి వెళ్ళింది ఉబుంటుకీ, హైదరాబాద్ స్వేచ్ఛ వాళ్ళు డెబియన్ ఆధారంగా తెచ్చిన తెలుగు ఓఎస్ లాంటివాటికీ విడిగా ప్యాకేజ్ చెయ్యకుండానే చేరే దారి ఉంటుంది.

ల్యాబ్‌కి ఈ వారంలోనే కావాలంటే ఇవేవీ అక్కర్లేదు. కాండా ఫోర్జ్‌లో (రెడీమేడ్ ప్యాకేజీలు దొరికే వేరే చోటు) సేజ్ ఉంది, ఒక మెషీన్‌లో వేసి ముందు మీ పాతవాటిలో అన్నిటికంటే పాతదాని మీద తెరుచుకుంటుందేమో చూడండి. క్లాసులో చేసేది డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్, మ్యాట్రిక్సులు, ప్లాట్లు మాత్రమే అయితే సేజ్ కూడా వద్దు, ఆర్కైవ్‌లో ఉన్న డబ్ల్యూఎక్స్‌మాక్సిమా (మాక్సిమాకి కిటికీ, మెనూలు ఉన్న రూపం) వేసెయ్యండి. పారి కొత్త వెర్షన్ మీద చెయ్యి పెడితే మాత్రం ఎస్‌బిల్డ్‌లోనే (విడిగా శుభ్రమైన డెబియన్‌లో బిల్డ్ చేసే టూల్) బిల్డ్ చెయ్యండి, మీ మెషీన్ మీద నేరుగా కాదు, ఫెయిలైతే బిల్డ్ లాగ్ మొత్తం ఇక్కడే పెట్టండి. చివరి పది లైన్లు కాదు, మొత్తం. అసలు ఎర్రర్ ఎప్పుడూ పైన ఎక్కడో ఉంటుంది.